తారు కింది వాల్వు

పదమూడో చుట్టు దగ్గర అళగేశన్ ఆగాడు. గుంటలోకి దించిన ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, నడుం వంచి, చెవి ఒగ్గి విన్నాడు. కింద గొట్టంలో నీళ్ళు కదిలిన గురగుర వినబడింది. ఇంకో మూడు చుట్లు తిప్పితే మూలకుళం కొత్త వీధికి నీళ్ళు చేరతాయి. నాలుగు తిప్పితే వెనక వీధి కొళాయిలు బుస్సుమని గాలి వదులుతాయి, అక్కడి ఆడవాళ్ళు తన ఏడు తరాలనూ ఎత్తి తిడతారు. సరిగ్గా మూడే తిప్పి, మూత వేసి, సైకిలెక్కాడు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా నీళ్ళ ఆఫీసు తరఫున ఈ వాల్వులు తిప్పడమే ఉద్యోగం. పొట్టి మనిషి. కడ్డీ తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి జారిపోయింది. అరచేతులు చెప్పు తోలులా బిరుసెక్కాయి, మడమల పగుళ్ళలో బురద ఎంత కడిగినా పోదు. నీళ్ళు వచ్చిన రోజు ఆయన ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. రాని రోజు మాత్రం ఊరంతటికీ ఆయన పేరే కావాలి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదవడం రాదు. సంతకం అరవంలో పెడతాడు, అంతకుమించి అక్షరం ముక్క తెలియదు. కానీ తన డివిజన్‌లో ఏ వాల్వు ఎక్కడుందో, ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఏది ఎడమకు తిరిగే తిక్కదో అన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఆఫీసులో ఉన్న పాత నక్షాను చెదలు ఎప్పుడో తినేశాయి. రిటైరవడానికి ఇంకా ఆరు వారాలుంది.

అందుకే జూనియర్ ఇంజనీరు త్యాగరాజన్ ఆయన్ని ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు అప్పగించాడు. "వాళ్ళ ప్రాజెక్టుకి మ్యాపు, మనకి మ్యాపు. నువ్వు చూపించు, వాళ్ళు కంప్యూటర్లో ఎక్కిస్తారు. నువ్వు పోయినాక మాకు అదే దిక్కు. అందులో లేనిది లేనట్టే లెక్క" అన్నాడు.

తొమ్మిదింటికి నందిత, గురు స్కూటరు మీద వచ్చారు. నందిత వాళ్ళు పట్టణం చుట్టుపక్కల భూములున్న తెలుగువాళ్ళు. మొదటిరోజు ఆ పిల్ల "తాతా, తర్వాతిది యాడ?" అని ఇంటి భాషలో అడిగేసరికి అళగేశన్‌కు ప్రాణం లేచొచ్చింది. గురు చేతిలో సెల్‌ఫోన్ కన్నా లావుగా ఒక పసుపు యంత్రం ఉంటుంది. వాల్వు మూత పక్కన నిలబడి దాన్ని ఆకాశానికి చూపిస్తే, ఉపగ్రహాలతో మాట్లాడి ఆ చోటు అంకెలు చెబుతుందట. భూమి లోపలిదాని కోసం ఆకాశం కేసి చూడటమేంటని అళగేశన్ లోలోపల నవ్వుకున్నాడు. ఫోటో, నంబరు, యంత్రం కీచుమనడం. అయిదు రోజుల్లో నూట నలభై రెండు వాల్వులు తేలాయి. మిగిలింది ఒక్కటే.

అది మురుంగపాక్కంలో, మురుగు కాలువ పక్క సందులో ఉంది. పదిహేను రోజుల కిందట ఆ సందుకు కొత్త తారు వేశారు. రోడ్డు వేసినవాళ్ళు మూత ఎత్తు పెంచకుండా దానిమీదే తారు పోసి, రోలరు తిప్పి పోయారు.

అళగేశన్ కాలితో తట్టి చూపించాడు. "ఈడ, పాపా. ఈ తారు కిందనే ఉండాది."

"ఫోటో లేకుండా ఎంట్రీ వేయకూడదని సార్ చెప్పారు" అన్నాడు గురు.

నందిత కాలేజీలో వాళ్ళ సారుకు ఫోన్ చేసింది. ఇంగ్లీషులో రెండు నిమిషాలు బతిమాలింది. ఫోన్ పెట్టేసేసరికి ముఖం చిన్నబోయింది. "ఎవురో చెప్పింది డేటా కాదంట తాతా. కంటికి కనబడాలంట."

"కనబడేవాటికి నేనెందుకు పాపా?"

ఆ పిల్ల, శుక్రవారం ప్రాజెక్టు ఇచ్చేయాలని, ఎలాగైనా మూత బయటపడితే ఫోన్ చేయించమని చెప్పి వెళ్ళిపోయింది.

అళగేశన్ అక్కడే నిలబడ్డాడు. ఐప్పసి నెల వానలు రేపో మాపో మొదలవుతాయి. గట్టి వాన పడితే కాలువ పొంగి, ఆ సందులోని పాత గొట్టంలోకి మురుగు దిగుతుంది. అప్పుడు ఈ వాల్వు కట్టేస్తే చాలు, చెడ్డ నీళ్ళు ఇళ్ళకు చేరవు. లారీ నీళ్ళతో రెండు రోజులు నెట్టుకొస్తారు. ఏడేళ్ళ కిందట ఆయన చెల్లెలి కూతురి పెళ్ళికి దిండివనం వెళ్ళినప్పుడు ఇక్కడ వాన పడింది. ఈ వాల్వు కట్టాలని ఇంకెవరికీ తెలియదు. తిరిగొచ్చేసరికి ముగ్గురు పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో ఉన్నారు. నాలుగేళ్ళ ముత్తు ఇంటికి రాలేదు. అళగేశన్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అసలు ఆయనకు సంబంధం ఉందని ఎవరికీ తెలియదు. ఎవరైనా కాలర్ పట్టుకుని నిలదీసినా బాగుండేదని ఆయనకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్ళాడు. త్యాగరాజన్ చెడ్డవాడేమీ కాదు. "నేను నమ్ముతా అళగేశన్. కొత్త రోడ్డు తవ్వాలంటే పైనుంచి ఉత్తర్వు రావాల" అని, అర్జీ తనే రాసి, వేలిముద్ర వద్దని సంతకమే పెట్టించి, ఫైళ్ళ మీద పెట్టాడు. అలాంటి అర్జీలు అప్పటికే రెండు అక్కడ కదలకుండా పడున్నాయి.

మూడు గంటలకు అళగేశన్ గడ్డపార తీసుకుని మళ్ళీ ఆ సందుకు వచ్చాడు. నాలుగు పోట్లు పొడిచాడో లేదో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చింది రాసాత్తి, ముత్తు తల్లి.

"ఏందన్నా ఇది? పదేండ్లు అడగ్గా అడగ్గా వచ్చిన రోడ్డు. అప్పుడే తవ్వేదానికి వచ్చినావా? నీకు మనసెట్టా వచ్చింది?"

అళగేశన్ నోరు తెరిచాడు. వాల్వు సంగతి చెప్పాలంటే వాన సంగతి చెప్పాలి. వాన సంగతి చెబితే ఏడేళ్ళనాటి సంగతి రాక తప్పదు. ఆమె ముఖంలోకి చూసి ఆ పిల్లాడి పేరెత్తే ధైర్యం ఆయనకు లేకపోయింది. "లేదమ్మా, తప్పయిపోయింది" అని గడ్డపార సైకిలుకు కట్టుకున్నాడు. లేచిన తారు ముక్కలను రాసాత్తే కాలితో అదిమి సరిచేసింది.

సాయంత్రం ఆఫీసులో సంతకం పెడుతుంటే ప్యూను కేకేశాడు. నందిత ఫోన్ చేసిందట. మూత కనబడకపోయినా సరే, రేపు తొమ్మిదికి వచ్చి తన పూచీ మీద ఎక్కిస్తుందట, సారు తిడితే పడుతుందట. అళగేశన్‌కు ఒక్కసారిగా కళ్ళు చెమర్చాయి. పొద్దున మూలకుళం నీళ్ళు వదిలి రావడం ఆలస్యమైతే ఆ పిల్ల వెతుక్కోకూడదు గదా అని సైకిలు మురుంగపాక్కానికి తిప్పాడు. కొళాయి దిమ్మె నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ పదకొండు అడుగులు కొలిచాడు. ఎవరో ఇల్లు కట్టుకుంటున్న చోట ఒక సగం ఇటుక అడిగి తెచ్చి, దాని మీద సున్నంతో గీత గీసి, సరిగ్గా వాల్వు ఉన్న చోట పెట్టాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఇంట్లో కాళ్ళు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. భుజం లాగుతోందన్నాడు. "రేపటితో పని అయిపోతాది అంగమ్మా. ఒక కాపీ పెట్టు" అన్నాడు. భార్య అంగమ్మాళ్ కాఫీ తెచ్చేసరికి ఆయన తల పక్కకు వాలి ఉంది. అలసి నిద్రపోయాడనుకుని, గ్లాసు మీద మూత పెట్టి, బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. బియ్యం ఏరడం అయ్యాక లేపబోయింది. ఆయన లేవలేదు.

ఆ సాయంత్రమే మురుంగపాక్కం సందులో కలైయరసన్ అనే ఆటో డ్రైవరు బండి ఆపుకుని, వెనక్కి దొర్లకుండా చక్రం కింద పెట్టడానికి ఏదైనా దొరుకుతుందా అని చూశాడు. రోడ్డు మధ్యలో ఇటుక కనబడింది. పాతిక అడుగుల అవతల దీపస్తంభం దగ్గరికి తెచ్చి చక్రానికి ఆనించాడు. తెల్లవారగానే ఇటుకను అక్కడే వదిలి బండి తీసుకుపోయాడు.

తొమ్మిదికి నందిత ఒక్కతే వచ్చింది. నిన్న తాత కాలితో తట్టింది ఇక్కడేనా అని ఒక్క క్షణం అనుమానపడింది. నల్లటి తారు అంతటా ఒకేలా ఉంది. ఇటుక మీద సున్నం గీత చూసి, ఇది తాత పనేనని నవ్వుకుంది. యంత్రం కీచుమంది. అది చాలదన్నట్టు దీపస్తంభం నుంచి టేపుతో కొలిచి అంగుళాలతో సహా రాసుకుంది. ఆయన కోసం పావుగంట చూసింది. పది గంటలకు ఆఫీసులో ఆయన పోయిన సంగతి విని, మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పాయింటు మాత్రం ఎవరు కాదన్నా మ్యాపులో ఉంచి తీరతానని పట్టుబట్టి, నూట నలభై మూడో నంబరుగా ఎక్కించింది.

మ్యాపు ఆఫీసు గోడకెక్కిన మూడో రోజు వాన మొదలైంది. మురుంగపాక్కం సందులో దీపస్తంభం మొదట్లో, సున్నం గీత పైకి ఉన్న సగం ఇటుక చుట్టూ కాలువ నీళ్ళు మెల్లగా చేరుతున్నాయి.