అవ్వను తవ్విన రోజు

వానలు పడకపోవడానికి మా అవ్వే కారణమని ఊరంతా తీర్మానించిన ఏడాది నాకు పదహారేళ్ళు. అవ్వ చనిపోయి అప్పటికి రెండేళ్ళు దాటింది.

మా అవ్వ పేరు లక్ష్మీదేవమ్మ, మా నాయనకు తల్లి. ఆమెకు బొల్లి. మొహంలో సగం, మెడ, రెండు చేతులు, పాదాలు తెల్లగా ఉండేవి. మిగిలిన ఒళ్ళు నా మాదిరే నలుపు. పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పుడు మచ్చ లేదట. నాయన పుట్టాక మొదలయిందట. అది చూసి తాత ఆమెను వదిలేసి గార్లదిన్నె వైపు పోయి ఇంకొక పెళ్ళి చేసుకున్నాడు. అవ్వ ఇక్కడే కూలిపని చేసి నాయనను పెంచింది. శనివారం సాయంత్రం ఆంజనేయస్వామి గుళ్ళో భజన జరిగితే పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక చరణం పాడితే మిగిలినవాళ్ళంతా అదే చరణం తిరిగి పాడేవాళ్ళు.

పాట బాగుందని ఆమెతో ఎవరూ తిన్నగా అనేవాళ్ళు కాదు.

"లక్ష్మీదేవమ్మా, కండ్లు మూసుకోని వింటే నీ పాట శానా బాగుంటాది" అనేవాళ్ళు, ఆమె మొహం మీదే.

"సామి గూడ కండ్లు మూసుకోనే వింటాండాడు లే నాయనా, మీ మొగాలు సూడలేక" అనేది అవ్వ.

పదమూడో ఏట నా పెదవి పక్కన గోరంత మచ్చ కనపడింది. మా అమ్మ చెన్నమ్మ దాన్ని చూసి ఏడవలేదు, నన్ను కొట్టింది.

"ఆ ముసిల్దాని పక్కలో పండుకోవద్దంటే యిన్యావా? ఇంగ నిన్నెవరు చేసుకుంటారే?"

బావంచాల గింజలు నూరి మచ్చ మీద పూసి ఎండలో కూర్చోబెట్టేది. తోలు కాలి బొబ్బలెక్కేది. లేస్తే కట్టె తీసుకునేది. బొబ్బలు మానేసరికి మచ్చ ఇంకొంచెం పెద్దదయ్యేది. అది గడ్డం మీదికి పాకింది, తరువాత చేతి వేళ్ళకు వచ్చింది. ఓణీ కొంగు నోటి మీదికి లాక్కుని పళ్ళతో పట్టుకోవడం నాకు అలవాటయింది. భజనకు పోతే స్తంభం వెనక కూర్చునేదాన్ని. నోరు తెరిస్తే కొంగు జారుతుంది గనక పాడేదాన్ని కాదు. మచ్చ తీసెయ్యి స్వామీ అని మనసులో అడుక్కోవడమే నా భజన.

ఒకసారి తలకు పోస్తూ అవ్వ నా గడ్డం పట్టుకుని చూసింది.

"సామి మనకు సున్నం కొడతా కొడతా ఉంటే ఎవరో పిల్చినట్లుండారు. సగంలో ఇడిసిపెట్టి పాయ" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "నువ్వెప్పుడూ అడగల్యా అవ్వా, పోగొట్టమని?"

"అడగకేం! నీ నాయనకు మీసాలొచ్చేదాకా అడిగినా. పోగొట్టల్యా. ఆయప్పకు దీంతో పనిల్యా అని అప్పుడు తెలిసె. ఆయనకు పనిలేనిదాంతో నాకేం పని? ఇడిసిపెట్న్యా."

ముసలామె, ఆమెకేం, ఏమైనా చెబుతుంది అనుకున్నాను. ఆ మరుసటేడు ఆమె జ్వరంతో పోయింది. మా కులంలో పూడ్చడమే ఆచారం. వంక గట్టున పూడ్చారు.

ఆ తరువాత రోజూ పొద్దువాలే ముందు మేకలను తోలుకుని వంక గట్టుకు పోయేదాన్ని. అక్కడ నన్ను చూసేవాళ్ళెవరూ ఉండరు. కొంగు తీసేసి అవ్వ సమాధి పక్కన కూర్చుని ఆమె తనకు తానుగా కట్టుకున్న పాట పాడుకునేదాన్ని. 'తోలూ నీదే, లోపలున్నదీ నీవే, సిగ్గెవరిది పాండురంగా' అని మొదలవుతుంది అది. పాట వచ్చు గాని దాని మాట నాకు ఎక్కలేదు. సిగ్గు నాదేనని నాకు బాగా తెలుసు.

నందన సంవత్సరం వచ్చేసరికి వరసగా మూడో ఏడు వాన లేదు. విత్తనం కోసం దాచిన శనక్కాయలు కూడా తినేశాం. జనం పొద్దున కరువుపనికి పోయి రోడ్డుకు కంకర కొట్టి, మధ్యాహ్నం సర్కారు పోసే గంజికి చెంబులతో నిలబడేవాళ్ళు. ఆడపిల్లలు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పోయించుకున్నారు. నన్ను ఆ రోకలి ముట్టుకోనివ్వలేదు. మబ్బులు వచ్చేవి, మా ఊరి మీదికి వచ్చి పెనుకొండ వైపు పోయేవి.

అప్పుడు మా ఊరి పెద్ద బయ్యన్న మాట ఎత్తాడు. బొల్లి ఉన్న శవాన్ని మట్టిలో పెడితే మబ్బు దాన్ని చూసి అసహ్యపడి వెనక్కు పోతుందని, శవాన్ని తీసి కాలిస్తే గాని వాన రాదని మా వైపు ఒక నమ్మకం ఉంది. అవ్వను పూడ్చిననాడు అది ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

మా నాయన సుంకప్ప ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. "ఆమె సామిని నమ్ముకున్న మనిషి గదన్నా. సామినే అడుగుదాం" అన్నాడు.

పూజారి రామాంజులు రెండు తంగేడు పూలను నీళ్ళలో తడిపి ఆంజనేయస్వామి రెండు భుజాలకూ అంటించాడు. కుడి పువ్వు ముందు రాలితే తవ్వాలి, ఎడమది రాలితే వదిలేయాలి. ఊరంతా గుడి ముందు ఎండలో నిలబడింది. నేను స్తంభం వెనక నిలబడి ఎడమ పువ్వునే చూస్తున్నాను. కుడి పువ్వు రాలింది.

నాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఆ క్షణంలో నాకు అవ్వ మీద జాలి కంటే స్వామి మీద కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు నీకు పాడిన మనిషి గదా, అనుకున్నాను.

తవ్వడానికి గుర్తు కావాలి. సమాధుల మీద పెట్టిన రాళ్ళను కరువుపనికి కంకర చాలక జనమే ఎత్తుకుపోయి కొట్టేశారు. వంక గట్టంతా ఒకటే మట్టి. ఎక్కడ ఎవరున్నారో నాయనకే తెలియలేదు. బయ్యన్న మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమ్మే ఓబులమ్మా, దినామూ ఆడికి పోతాండావంట గదా. యాడుండాదో చూపీ."

నేను కొంగు పళ్ళతో పట్టుకుని తల వంచుకున్నాను.

"మూగదైపాయనా? సూడు పాపా, చూపకపోతే గట్టంతా తవ్వుతాం. మా అమ్మ గూడ ఆడనే ఉండాది. ఆయమ్మ మింద పార పడిందంటే మీ ఇల్లు ఈ ఊర్లో ఉండదు."

"చూపీ తల్లీ" అన్నాడు నాయన, నా వైపు చూడకుండా.

అమ్మ లోపలి నుంచి అరిచింది. "బతికినన్నాళ్ళూ మొగం చూపి చంపె. సచ్చినా ఇడవకపాయ. చూపిచ్చి రాపో!"

చూపించాను. వంక మలుపులో రెండు సమాధులు పక్కపక్కన ఉండేవి, ఒకటి బయ్యన్న తల్లిది, ఒకటి అవ్వది. చూపకపోతే గట్టంతా తవ్వుతామన్నాడు గనక వేరే దారి కనపడలేదు.

మిట్టమధ్యాహ్నం. కొండప్ప అనే అతను పార వేశాడు. మగవాళ్ళంతా ముక్కులకు కండువాలు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. అవ్వ తెల్లటి మొహం మళ్ళీ చూడాల్సి వస్తుందనుకున్నాను. అంతమంది ముందు ఆ మొహం బయటపడితే, అందరూ దానిని చూసి తరువాత నన్ను చూస్తారు. నా భయం అది.

కొండప్ప ఆగాడు. "ఏమప్పా, ఎముకలే ఉండేది" అన్నాడు.

అందరూ దగ్గరికి వచ్చారు. నేనూ వెళ్ళి చూశాను. పుర్రె, పక్కటెముకలు, చేతి ఎముకలు. అన్నీ ఒకటే రంగు, మా మట్టి రంగు. ఏ సగం తెల్లనో ఏ సగం నలుపో ఎవరు చెప్పగలరు? ఆమెను తాత వదిలేయడానికి కారణమైనది, నేను మూడేళ్ళుగా కొంగు కింద దాచుకుంటున్నది, ఆ గుంతలో ఎంత వెదికినా లేదు.

"బొల్లి యాడుండాది? ఇది ఆయమ్మేనని ఎట్ల తెలిసేది?" అన్నారెవరో.

బయ్యన్న మొహం మాడిపోయింది. రెండో సమాధి తన తల్లిది. పాప తప్పు చూపి ఉంటే? ఇవి తన తల్లి ఎముకలైతే? "ఏయ్ పాపా, సరిగ్గా చూడు. దిగి చూడు" అన్నాడు. గొంతు అంతకు ముందులా లేదు.

గుంతలోకి దిగాను. మెడ ఎముకల దగ్గర మట్టి కదిపితే వేళ్ళకు పూసలు తగిలాయి. దారం చివికిపోయింది గాని పూసలున్నాయి. పండరికి పోయి వచ్చినప్పుడు అవ్వ వేసుకున్న తులసిపూసలు. బయ్యన్న తల్లి ఎన్నడూ పండరికి పోలేదు. పిడికిలి మూశాను. ఎవరూ చూడలేదు.

పైనుంచి అందరూ వంగి చూస్తున్నారు. ఒక్క మాట చాలు. ఈమె మా అవ్వ కాదు మామా, మీ అమ్మే, అంటే చాలు. బయ్యన్న ఏడ్చుకుంటూ మా అవ్వను మర్యాదగా మళ్ళీ పూడుస్తాడు. పక్క గుంతలోని అతని తల్లిని తీసి అతనే కిరసనాయిలు పోసి కాలుస్తాడు. అవ్వ మిగులుతుంది. నన్ను 'ఏమ్మే' అన్నందుకు ఆ మాట అనాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

కాదు అన్న మాట నోటిదాకా వచ్చింది. వచ్చాక గుర్తుపట్టాను దాన్ని. పదమూడో ఏటి నుంచి అద్దంలో చూసుకున్నప్పుడల్లా నేను అంటున్న మాటే అది. ఇది నేను కాదు, ఇది నాది కాదు. నేనెరిగిన అవ్వ తనను తాను ఎన్నడూ కాదనలేదు. ఇప్పుడు ఆమె ఎముకల మీద నిలబడి, ఆమెను కాపాడతానని ఆమెను కాదంటానా? కాపాడేది మాత్రం ఏముంది? ఆమె ఈ గుంతలో ఉంటే గదా. తోలు మట్టయింది, ఎముకలు ఇంకాసేపటికి బూడిదవుతాయి, స్వామికి పాడిన మనిషిని తవ్వడానికి వీళ్ళ పారలు పొడుగు చాలవు.

లేచి నిలబడ్డాను. కొంగు ఎప్పుడు జారిందో తెలియదు. పట్టుకోలేదు. పిడికిలి తెరిచి పూసలు చూపించాను.

"మా అవ్వే" అన్నాను.

బయ్యన్న ఊపిరి వదిలాడు. "బతికిస్తివి తల్లీ" అన్నాడు. మరుక్షణం నా మొహం చూసి తల తిప్పుకున్నాడు. "కొంగు కప్పుకోమ్మే, థూ. అవి గూడ మంటలో ఏయ్."

నేను వేయలేదు. కొండప్ప నా వేళ్ళు విడదీసి పూసలు లాక్కున్నాడు. ఎముకలను పైకి తీసి తుమ్మకట్టెల మీద పేర్చి, పూసలను వాటి మీద పడేశాడు. నాయన చేత నిప్పు పెట్టించారు. ఎముకలు టపటపమన్నాయి. చుట్టూ మూగినవాళ్ళు మంటను చూడలేదు, ఆకాశం వైపు చూశారు.

ఆ వారంలోనే వాన పడింది.

చిన్న వాన కాదు. వంక పారింది. జనం వీధుల్లో గంతులేశారు. కాల్చిన చోట బూడిద కూడా మిగలకుండా కొట్టుకుపోయింది. "చూసినారా, చూసినారా" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మా నాయన కూడా నమ్మాడు. నేను నమ్మకపోయినా నా మాటకు సాక్ష్యం ఎక్కడుంది? వాన వాళ్ళ వైపే ఉంది.

తడిసిన అరుగు మీద కూర్చుని బయ్యన్న నాయనకు బీడీ ఇచ్చాడు. మా ఇంటి మనిషికి ఊరి పెద్ద బీడీ ఇవ్వడం అదే మొదలు.

"సుంకప్పా, మల్లీ ఇట్లాంటి తప్పు జరగగూడదు. నీ కూతుర్ని మటుకు మట్టిలో పెట్టొద్దు. పోతానే కాల్చెయ్యల్ల."

"అట్లే అన్నా" అన్నాడు నాయన. నేను అక్కడే పేడ ఎత్తుతున్నాను.

"పూడ్చినా కాల్చినా మీ ఇష్టం మామా. నేనప్పుడు ఆడ ఉండను" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. నా నోటి నుంచి అంత మాట వాళ్ళెన్నడూ వినలేదు.

అమ్మ బావంచాలు నూరిన గిన్నె తెస్తే ఇంక వద్దన్నాను. ఆమె కొట్టింది. కొట్టించుకున్నాను గాని పూయనివ్వలేదు.

శనివారం గుడి నిండింది. వాన ఇచ్చినందుకు భజన. అవ్వ పోయినప్పటి నుంచి పాట ఎత్తుకునేవాళ్ళు లేక భజన కుంటుతోంది. నేను స్తంభం దాటి ముందుకు వెళ్ళి అవ్వ కూర్చునే చోట కూర్చున్నాను. కొంగు భుజం మీదే ఉంది.

"ఎనక్కి పో పాపా. సామికి ఎదురుగా ఆ మొగం పెట్టుకోని కూచుంటావా?" అన్నాడు పూజారి రామాంజులు.

"ఆయన ఇచ్చిన మొగమే గదా సామీ. ఆయనకు కొత్తేం గాదు."

ఎవరో నవ్వారు. ఇద్దరు ఆడవాళ్ళు పిల్లలను తీసుకుని లేచి వెళ్ళిపోయారు. రామాంజులు నా చెయ్యి పట్టి లేపడానికి వంగాడు, మచ్చలున్న వేళ్ళు చూసి ముట్టుకోలేక ఆగిపోయాడు.

నేను స్వామిని చూశాను. ఆ కుడి పువ్వు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. మచ్చ తీసెయ్యమని అడగడానికి మాత్రం ఆ రోజు మనసులో ఏమీ మిగల్లేదు. అడిగేది లేకపోయేసరికి గొంతు ఖాళీ అయి తేలికగా ఉంది.

అవ్వ కట్టుకున్న పాటలో మొదటి చరణం ఎత్తుకున్నాను. చరణం చివర ఆగాను. అక్కడ అందరూ అందుకోవాలి.

ఎవరూ అందుకోలేదు. తాళాలు పట్టుకున్న మగవాళ్ళు వాటిని ఒళ్ళో పెట్టుకున్నారు. వాళ్ళలో మా నాయన ఉన్నాడు. ఆయన నేల వైపు చూస్తున్నాడు.

వాళ్ళు పాడాల్సిన చరణం కూడా నేనే తిరిగి పాడాను. తరువాత రెండోది ఎత్తుకున్నాను.