వాపసు తీసుకున్న శాలువా

జెర్సీ సిటీలో భీమశంకరం గారు నోరు విప్పితే హడ్సన్ నది కూడా కాసేపు ఆగి విని మరీ పోతుందట. ఈ సంగతి చెప్పింది కూడా ఆయనే. అలాంటి మనిషి ఆ జూన్ మంగళవారం, పోలింగ్ జరుగుతున్న స్కూలుకి ఎదురు పేవ్‌మెంట్ మీద కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. మన తెలుగువాళ్ల జాడే లేదు.

తప్పు ఆయనదే. మే నెలలో మందుల షాపు ఉమ వార్డు కౌన్సిల్‌కి నిలబడితే, సిటిజన్‌షిప్ ఉన్న మనవాళ్లంతా వరస కట్టి ఓటేశారు. ఉమ అందరికంటే ముందుంది. కానీ సగం ఓట్లు దాటలేదు గనక మొదటి ఇద్దరికీ జూన్‌లో మళ్లీ పోటీ అన్నారు. అందాకా ఆగితే ఆయన భీమశంకరం ఎందుకవుతారు? అపార్ట్‌మెంట్ హాల్లో సన్మానం పెట్టించి, శాలువా కప్పి, పులిహోర పంచారు. "మన ఉమ దెబ్బకి అవతలాయన పోస్టర్లు వాటంతటవే గోడలు దిగి నదిలో దూకాయి!" అని మైకులో కోతలు కోశారు. శాలువా పడిందంటే మనవాళ్ల లెక్కలో పట్టాభిషేకం అయిపోయినట్టే.

పొద్దున్నుంచి ఫోన్లు చేసి చేసి ఆయన గొంతు ఎండిపోయింది.

"రంగయ్యా, ఓటేశావా?"

"వేశాను కదండీ, మేలో. పులిహోర కూడా తిన్నాను."

"అది మొదటి విడతయ్యా! ఇవాళ రెండోది."

"ఊరుకోండి సార్, మీ కతలు నాకు తెలీవా? శాలువా మీరే కప్పారు. ఫొటోలో నేనూ ఉన్నా."

ఇన్నాళ్లకి నిజం చెబితే నమ్మే నాథుడు లేడు. ఇంతలో ఉమ కారు దిగి వచ్చింది.

"అంకుల్, అవతలాయన వ్యాన్లలో జనాన్ని దింపుతున్నాడు. మనవాళ్లేరీ?"

"ఆ శాలువా ఎక్కడుందమ్మా?"

"కార్‌లోనే. ఎందుకు?"

"వాపసు."

శాలువా భుజాన వేసుకుని ఆయన అపార్ట్‌మెంట్ టవర్ల కింద, రైలు స్టేషన్ మెట్ల దగ్గర ఒకటే కేక. "సన్మానం రద్దు! శాలువా లాక్కొచ్చా! పులిహోర తిన్నవాళ్లంతా కక్కాలిట!"

నిజం నడిచి పోతే అబద్ధం లిఫ్ట్‌లో పోయింది. ఆఫీసుల నుంచి వచ్చి రైలు దిగినవాళ్లు దిగినట్టే స్కూలు మీదికి వచ్చిపడ్డారు. అందరికంటే ముందు రంగయ్య.

"రద్దు చేయడానికి మీరెవరు సార్?"

"నేనెవర్ని? లోపలికెళ్లి ఓటు మీట నొక్కి అడుగు!" అని ఆయన గేటు వైపు చెయ్యి చూపించారు.

తలుపులు మూసి లెక్క తేల్చేసరికి ఉమ వెంట్రుకవాసిలో గట్టెక్కింది. ఉమకి మళ్లీ కప్పుదామని రంగయ్య శాలువా కోసం చెయ్యి చాపాడు. భీమశంకరం గారు దాన్ని నాలుగు మడతలు పెట్టి, కిందేసుకుని కూర్చున్నారు.

"ఆ పిల్ల ప్రమాణం చేసేదాకా లేవను."

"పోనీ, పులిహోరన్నా చేయించమంటారా?"

"చింతపండు కూడా నానబెట్టొద్దు!"