పిలిస్తే పోవాల్సిన మంత్రం

షబ్రీన్ చేసిన తప్పల్లా, బలరాం పుట్టినరోజున చెయ్యి జారి ఓ మంత్రం ఇవ్వడమే.

సారపాకలో ఆమెకో చెప్పుల దుకాణం ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు దాని మీది గదిలో ముగ్గురు కూర్చుని కథ ఆడుకుంటారు. కథ నడిపేది షబ్రీన్. అందులో లిఖిత కత్తి పట్టిన వీరనారి. బయట మాత్రం మీసేవ కౌంటర్లో 'సర్వర్ లేదు' అని చెప్పి వారమంతా తిట్లు తినే పిల్ల. బలరాం కథలో మంత్రగాడు, బయట బోరు మోటార్ల మెకానిక్. రాక్షసుడు ఎదురైతే ఏం చేస్తారో వాళ్ళు చెప్పాలి. నెగ్గారో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది.

బలరాంకిచ్చిన మంత్రం పేరు నిప్పులవాన. దానికి పాచికతో పని లేదు. నోరు తెరిస్తే చాలు, ఎదురున్నది బూడిద. ఇంకేముంది! తోడేలు కనబడినా నిప్పులవానే, అడవికోడి కనబడినా నిప్పులవానే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అచ్చం అదే.

"గిదేం ఆటక్కా? నేను కత్తి తీసేలోపే అన్నీ సచ్చి కూసుంటున్నయ్," అంది లిఖిత. "బజ్జీలు తిననీకేనా నేనొచ్చేది?"

షబ్రీన్ మంత్రం బలం సగం కోసింది. "ఇచ్చిన చేత్తోనే గుంజుకుంటవా చెల్లె?" అని బలరాం మొహం ముడుచుకున్నాడు. సరేనని బలం తిరిగిచ్చి, రోజుకొక్కసారే వాడాలంది. మహానుభావుడు మంత్రం వేయడం, అక్కడే దుప్పటి పరిచి తెల్లారేదాకా పడుకోవడం. లోకాన్ని కాపాడాల్సిన జట్టు గురక పెట్టడంలోనే పుణ్యకాలం గడిపేసింది. చివరికి రాక్షసులెవరికీ నిప్పు అంటుకోదని కొత్త రూలు పెట్టింది. "గీ అడవిల ఉడుతకు గూడ నిప్పంటుకోదా?" అన్నాడు బలరాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

"వచ్చేవారం గూడ గిట్లనే ఉంటే ఇగ నేను రానక్కా," అని లిఖిత తేల్చి చెప్పింది.

ఇద్దరిలో ఒకరు పోతే ఇంక ఆటేముంది? వారమంతా జనాల కాళ్ళే చూసే షబ్రీన్‌కు మొహాలు వెలగడం కనబడేది ఆ ఒక్క గదిలోనే.

అప్పుడే బలరాం ఫోన్ మోగింది. ఎక్కడో బోరు ఆగింది, చేను ఎండుతోంది. "అవ్, వస్తున్న," అంటూ అతను సంచి భుజానేసుకున్నాడు. సగం కొరికిన బజ్జీ కాగితం మీదే ఉండిపోయింది. ఆ ముక్కను చూస్తుంటే షబ్రీన్‌కు తాత బషీర్ కంచం గుర్తొచ్చింది.

తాతకు తేలు విషం దించే మంత్రం వచ్చు. మంత్రం పనిచేసేదో లేదో ఆ దేవుడికెరుక, దాని నియమం మాత్రం గట్టిది. ఎవరు పిలిచినా పోవాలి. నోటి దగ్గరి ముద్ద కింద పెట్టయినా పోవాలి. 'రాను' అన్నాడా, మంత్రం చచ్చిపోతుంది. ఎన్ని పూటలు ఆయన కంచంలో అన్నం ఎండిపోయిందో! నానమ్మ సణిగేది, మళ్ళీ వేడిగా వడ్డించేది.

మరుసటి ఆదివారం షబ్రీన్ హుషారుగా మొదలుపెట్టింది. "అన్నా, నీ మంత్రం నీదే, బలం గూడ తగ్గియ్య. కాని ఎవరు పిలిస్తే వాళ్ళకాడికి పోవాలె. పోకపోతే మంత్రం పోతది." ఆ వెంటనే కథలో రాక్షసుడి గుహ ముందున్న జట్టు దగ్గరికి ఒక ముసలమ్మను పంపింది. ఆమె మేక లోయలో పడిందట, మంత్రగాడు రావాలట.

బలరాం నవ్వలేదు. పాచికను వేళ్ళ మధ్య తిప్పాడు.

"నేను గీడికొచ్చేదే పిలుపులు తప్పిచ్చుకోనీకి చెల్లె," అన్నాడు మెల్లగా. "గీడ గూడ నేనొక్కన్నే లేచి పోవాల్నా?"

షబ్రీన్‌కు తన పొరపాటు తెలిసొచ్చింది. ఆటకు తూకం దొరికిందని సంబరపడి, అతని బరువే అతని నెత్తిన పెట్టింది. సిగ్గేసింది.

లిఖిత మాత్రం రూలు గురించే ఆలోచిస్తోంది. "అక్కా, పిలిస్తే పోవాలె, సరే. తోడు ఇంకెవ్వరు పోవద్దని రూలుందా?"

షబ్రీన్ తాతను తలుచుకుంది. ఆయన ఒంటరిగానే పోయేవాడు. ఒక్కడివే పొమ్మని ఎవరూ అనలేదు, తోడొస్తామనీ ఎవరూ అనలేదు. "లేదు," అంది.

"అయితే నేను గూడ లోయలకే. రాక్షసుడు ఆగుతడు, ఏం తొందర?"

రాక్షసుడు ఆగలేదు, వెంటపడ్డాడు. లోయ అంచున మేకను ఎత్తుకుని ఉన్న బలరాం నిప్పులు కురిపిస్తే మేకా మాడిపోతుంది. ఇక కత్తే దిక్కు. లిఖిత పాచిక విసిరింది. ఇరవై! ఆమె వేసిన కేకకు కింద వీధిలో కుక్కలు మొరిగాయి. మేకను గుండెకు పొదువుకున్నట్టే చేతులు పెట్టుకుని, బలరాం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టబోయి, "అయ్యో, మేక!" అని ఆగిపోయాడు. ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

ఆ నవ్వులోనే ఫోన్ మోగింది, నిజం ఫోన్. బలరాం "అవ్, వస్తున్న," అని సంచి అందుకున్నాడు. లిఖిత స్కూటీ తాళం చెవి తీసింది.

"నువ్వేడికి?"

"తోడు పోవద్దని రూల్లేదు గద అన్నా."

షబ్రీన్ బజ్జీలు పొట్లం కట్టి, పాచికలు జేబులో వేసుకుని, దుకాణం షట్టర్ దించింది.

అడవి అంచున మిరప చేను దగ్గర రైతు పగిడయ్య ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. "ఒక్క మోటారుకు గింతమందేందయ్యా?"

బలరాం సంచి దించి, ముందు బజ్జీ ఒకటి పూర్తిగా తిన్నాడు.

"మా జట్టు," అన్నాడు.