ఖాళీ గదిలో టైపింగ్

"ఇది కేసు కాదు వదినా, నల్లేరు మీద నడక. నాలుగింటికల్లా నువ్వు రిపోర్టు ఇచ్చేస్తే ఐదింటికి టైపిస్టుని అరెస్టు చేసేసి ఆరింటికి ఇంట్లో ఉంటా."

ఇన్‌స్పెక్టరు అరచేతి వెడల్పు కవరొకటి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అందులో హార్డ్ డిస్కు ఉంది. అతను ఆమెకు స్వయానా మరిది, భర్తకు తమ్ముడు. సైబర్ నేరాల విభాగంలో చేరి ఆర్నెల్లయింది. అదే భవనంలో మూడో అంతస్తులో, కిటికీ లేని ఫోరెన్సిక్ ల్యాబులో ఆమె పన్నెండేళ్లుగా కంప్యూటర్ల పొట్టలు విప్పి చూస్తోంది. అందుకే భవనమంతా ఆమెను డాక్టరమ్మ అంటుంది. మరిది మాత్రం పై అధికారుల ముందు కూడా వదినా అనే పిలుస్తాడు.

అతను చెప్పినంతవరకూ కేసు సూటిగానే ఉంది. ఒక కాలేజీలో ఆఖరి పరీక్ష ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కింది. ఆ పత్రం ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్లో. హ్యాకర్లకు భయపడి దానికి ఇంటర్నెట్ కూడా ఇవ్వలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఐదు నిమిషాలకు ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి ఫైలును కాపీ చేసుకున్నారని కంప్యూటర్లోనే నమోదై ఉంది. పరీక్షల సూపరింటెండెంటు వెంటనే టైపిస్టు పేరు చెప్పాడు. వరండా కెమెరా ప్రకారం కూడా ఒంటిగంటా ఐదుకు ఆ గదిలో ఉన్నది ఆవిడ ఒక్కతే. ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఎక్కడా మచ్చ లేదు. కూతురు ఉద్యోగానికి వెళితే మనవరాలి ఆలనాపాలనా ఆవిడదే. అరెస్టయితే ఉద్యోగం ఊడుతుంది, కేసు తేలేదాకా జైలే.

ఆవిడ ఏమంటోందని డాక్టరమ్మ అడిగింది.

"అందరూ అనేదే, నేను కాదని. కానీ ఆ కంప్యూటర్ మాట ఎత్తితే చాలు, తల నేలకేసుకుంటోంది. ఏదో దాస్తోంది వదినా. ఆర్నెల్లలో ఇరవై మందిని ప్రశ్నించాను, ఆమాత్రం నాకు తెలీదా?"

డాక్టరమ్మ కవరు అటూ ఇటూ తిప్పి, మిగతా పెట్టె ఏదంది. అంత బరువు మెట్లెక్కించడం ఎందుకని డిస్కు ఒక్కటే ఊడదీయించి తెచ్చానని, ఆ పెట్టెలో కాలేజీవాళ్లు కొత్త డిస్కు బిగించి, అన్నీ సరిచేసుకుని, సోమవారం నుంచే వాడుకుంటున్నారని అతను చెప్పాడు.

"అంటే తల తెచ్చి, మొండేన్ని ఊళ్లోకి పంపించేశావు."

"తలలోనేగా అంతా ఉండేది."

ఆమె స్వాధీనపత్రం తీసింది. వస్తువును పట్టుకున్నప్పుడు నింపే కాగితం అది. పదో గడిలో 'కంప్యూటర్ గడియారం సరిగా ఉన్నదా?' అనే ప్రశ్న పక్కన 'సరిగా ఉన్నది' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. చేతి గడియారంతో పోల్చి చూశావా అని అడిగితే, కంప్యూటర్ గడియారం తప్పెందుకు చూపిస్తుందని అతను ఎదురు అడిగాడు. ఆమె తలెత్తి అతన్ని చూసింది. ఆ చూపు ఇంట్లో కూడా ఎరిగున్నవాడు కనక, టీ తెస్తానంటూ లేచాడు.

ఈ వృత్తిలో అసలు డిస్కు మీద ఎవరూ పని చేయరు. దాని మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా పడకుండా అడ్డుకునే చిన్న పెట్టెకు దాన్ని తగిలించి, అచ్చు నకలు తీసి, ఆ నకలును శోధిస్తారు. నకలు పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. శుక్రవారం నాటి చిట్టా ఆమె తెర మీద పరుచుకుంది. ఒకటీ ఐదుకు పెన్‌డ్రైవ్, దాని నంబరు, ఫైలు కాపీ. అంతా మరిది చెప్పినట్టే ఉంది. రిపోర్టు రాయడానికి పది నిమిషాలు చాలు.

ఆమె రాయలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చదివింది. ఒకటీ పదిహేడు నుంచి ఒకటీ ముప్ఫై ఏడు దాకా ఎవరో ఒక నోటీసు టైపు చేశారు. మూడుసార్లు భద్రపరిచి, కంప్యూటర్ ఆపేశారు. మంచి వేగం, తప్పుల్లేవు. ఆమె కెమెరా దృశ్యాలు తెరిచింది. ఒకటీ పదికి టైపిస్టు గదికి తాళం వేసి చకచకా వెళ్లిపోయింది. రెండింటిదాకా ఆ తలుపు ఎవరూ తీయలేదు.

మరిదిని పిలిచి చూపించింది. "తాళం వేసిన గదిలో ఇరవై నిమిషాలు టైపింగ్ జరిగింది. దెయ్యాన్ని కూడా అరెస్టు చేస్తావా?"

అతను రెండు తెరల్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తేరుకుని, రెండు గడియారాల్లో ఒకటి తప్పని ఒప్పుకున్నాడు. అయితే తప్పు కెమెరాదే ఎందుకు కాకూడదని మెలిక పెట్టాడు.

మాట న్యాయమైనదే. ఇద్దరు తగాదా పడుతుంటే మూడో మనిషి సాక్ష్యం కావాలి. కంప్యూటర్ పెట్టె ఉంటే దాని గడియారం చూసి నిమిషంలో తేల్చేసేది. అదేమో కాలేజీలో కొత్త టైముతో హాయిగా నడుస్తోంది. గంట రెండున్నరయింది. ఇన్‌స్పెక్టరు పై అధికారి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఆమె ఆ రోజు చిట్టాను పొద్దుటి నుంచీ పంక్తి పంక్తీ చదవడం మొదలుపెట్టింది. పది గంటలా యాభై ఎనిమిది దగ్గర వేలు ఆగింది. అక్కడ కంప్యూటర్ను ఎవరూ ఆపలేదు, అదే ఠక్కున ఆగిపోయింది. అంటే కరెంటు పోయింది. కరెంటు పోతే పోయిన వేళ రాసుకునేవాడు ఒకడుంటాడు. వాడికి ఈ కాలేజీతో గానీ, ఈ కెమెరాతో గానీ చుట్టరికం లేదు.

సబ్‌స్టేషన్ ఆపరేటరు ఫోన్ ఎత్తీ ఎత్తగానే కరెంటు సాయంత్రానికి వస్తుందన్నాడు. అది కాదు, పోయిన శుక్రవారం ఎప్పుడు పోయిందో చెప్పమని ఆమె అడిగింది.

"ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లే అందరూనూ. ఎప్పుడు పోయిందని అడిగింది ఇరవై ఏళ్లలో మీరొక్కరేనమ్మా. ఉండండి, రిజిస్టర్ తెస్తా."

పది గంటలా ముప్ఫై ఒకటికి పోయింది, పది నలభై నాలుగుకి వచ్చింది. ఆ పేజీ ఫొటో తీసి, సంతకం పెట్టి మరీ పంపాడు. కంప్యూటర్ ఇరవై ఏడు నిమిషాలు ముందుంది. ఆ లెక్కన ఫైలు పోయింది ఒకటీ ఐదుకు కాదు, పన్నెండూ ముప్ఫై ఎనిమిదికి. కెమెరాలో ఆ వేళకి టైపిస్టు పంచాల్సిన కాగితాలు పట్టుకుని మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్లిపోయి ఉంది. గదిలో ఒంటరిగా ఉన్నది పరీక్షల సూపరింటెండెంటు. టైపిస్టు మీద మొట్టమొదట వేలు చూపించిందీ ఆయనే.

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. ఆమె కూర్చోమంది. గడియారం ముందుకెలా వెళ్లిందని రేపు కోర్టులో వకీలు అడుగుతాడు, జవాబు కావాలి అంది. ఇద్దరూ కింది అంతస్తుకు దిగారు.

విచారణకు పిలిపించి ఉంచిన టైపిస్టు బెంచీ చివర చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ పక్కనే కూర్చుని, ఆ కంప్యూటర్ గడియారం ఎవరు జరిపారని మెల్లిగా అడిగింది.

"నేనేనమ్మా. ఒకటిన్నరకి మనవరాల్ని బడి నుంచి తెచ్చుకోవాలి. రోజూ ఆలస్యమే. గేటు దగ్గర అది ఒక్కతే నిలబడి ఉండేది. అందుకని ఏడాది కిందట అరగంట ముందుకి తిప్పాను. ఆ మిషన్లో సెట్టింగులు ముట్టుకుంటే ఉద్యోగం పోతుందని గోడ మీద కాగితం ఉంది. ఆ కాగితం టైపు చేసింది కూడా నేనే."

"అరగంట తిప్పితే ఇరవై ఏడే ఎందుకుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇంటర్నెట్ లేని కంప్యూటర్ను సరిదిద్దేవాళ్లు ఉండరని, ఏడాదిలో మూడు నిమిషాలు వెనకబడిందని డాక్టరమ్మ చెప్పింది. టైపిస్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంతకీ తనను అరెస్టు చేస్తున్నది గడియారం తిప్పినందుకా, ప్రశ్నపత్రానికా అని అడిగింది. రెండిటికీ కాదని ఇన్‌స్పెక్టరే చెప్పాల్సొచ్చింది. చెప్పేటప్పుడు అతని చూపు నేల మీద ఉంది.

నాలుగున్నరకి సూపరింటెండెంటు సొరుగులో పెన్‌డ్రైవ్ దొరికింది. డిస్కులో నమోదైన నంబరూ దాని నంబరూ ఒకటే. బావమరిది నడిపే ట్యూషన్ సెంటరు పేరు నిలబెట్టడానికి ఆయన పడిన పాట్లు అవి.

ఇక మిగిలింది టైపిస్టు వాంగ్మూలం. ఇన్‌స్పెక్టరు రెండు వేళ్లతో ఒక్కో అక్షరాన్నీ వెతికి పట్టుకుంటున్నాడు. నాలుగు పంక్తులకు పావుగంట పట్టింది. వెనక నిలబడి చూస్తున్న ఆవిడకు మూడో పంక్తి నుంచే ఊపిరాడడం లేదు.

"బాబూ, ఏమీ అనుకోకపోతే కొంచెం లేస్తారా?"

అతను వదిన వైపు చూశాడు. వదిన లేవమన్నట్టు తలూపింది. టైపిస్టు కుర్చీ దగ్గరగా జరుపుకుంది. వర్షం పడ్డట్టు మీటలు మోగాయి. పక్క గదుల్లోంచి ఇద్దరు కానిస్టేబుళ్లు తొంగి చూశారు. ఆవిడ ముందుగా పై పంక్తిలో 'నిందితురాలు' అన్నదాన్ని కొట్టేసి, ఆ చోట 'సాక్షి' అని వేసింది. ఆ తర్వాత కిందికొచ్చి, ఇన్‌స్పెక్టరు హోదాలో పడిన అచ్చుతప్పు కూడా దిద్దింది.