గోమ్లి గొంతుకు రెండు హారన్లు

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కిన కళను చూసి కండక్టరుకు నవ్వాగలేదు. ఒళ్లో ఆంప్లిఫయరు, కాళ్ల దగ్గర రెండు హారన్ స్పీకర్లు, భుజానికి వైరు చుట్ట.

"చెల్లే, ఒళ్లె ఉన్నదానికి అర టికెట్టు కొట్టాల్నా?" అన్నాడు.

"కొట్టన్నా. గని అది నోరు తెరిస్తె మీ బస్సు అద్దాలు ఉండయ్," అంది కళ. బస్సంతా గొల్లుమంది.

పైకి నవ్వుతోంది గానీ కళ గుండె ఒకటే దడదడ. సంతోషమా, భయమా అంటే రెండూనూ! లింబాద్రి సౌండ్ షాపులో మూడేళ్లుగా పని చేస్తోంది. ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని సభలకు సెట్లు బిగించిందో లెక్కే లేదు. అప్పుడెప్పుడూ లేని దడ ఇవాళ ఎందుకంటారా? ఇవాళ సొంత తండాలో తీజ్ పండుగ ఆఖరి రోజు. మైకు ముందు నిలబడేది ఆమె తల్లి గోమ్లి.

ముప్పై ఏళ్లు ఆ తండాలో తీజ్ పాట ఎత్తుకున్నది గోమ్లే. ఆమె గొంతెత్తితే చెలకల అవతల మేకలు కాసేవాళ్లు కూడా వంత పాడేవాళ్లు. రెండేళ్ల కిందట గొంతు దగ్గర గడ్డకు ఆపరేషన్ అయింది. మనిషి నిక్షేపంగా కోలుకుంది, గొంతు మాత్రం సన్నబడిపోయింది. నిరుడు పండుగలో ఆమె పాట మొదటి వరుస దాటలేదు. వెనకున్న ఆడపిల్లలు తలో రాగం తీసి పాటను ఆగమాగం చేశారు.

పండుగ పెత్తనమంతా చూసే హరిచంద్ ఈసారి ముందే తెగేసి చెప్పాడు. "చిన్నమ్మా, ఏమనుకోకు. ఈ యేడు నీ పాట అందరికి ఇనవడితె సరే సరి. లేకుంటె ఇగ డీజేనే. పెన్ డ్రైవ్ల పాటలుంటయ్, పోరగాండ్లు ఎగురుతరు, అయిపోతది."

గోమ్లి లేచి ఇంటికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు, అంతే. ఆ సంగతి తెలిసిన కళ ఫోనులోనే తల్లికి మాటిచ్చేసింది. "యాడీ, నువ్వు ఫికర్ చెయ్యకు. మైకు నేను తెస్త. నీ పాట ఎట్ల ఇనవడదో నేను చూస్త!"

తండాకు చేరేసరికి అక్కడ కోలాహలం చెప్పనలవి కాదు. మంచె మీద తీజ్ బుట్టలు, వాటిలో తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచిన గోధుమ మొలకలు, ఆఖరిసారి నీళ్లు పోయడానికి ఆడపిల్లల తోపులాట. బిందెలు ఒలికి వాకిలంతా బురద. ఒక్కరి చెయ్యీ పొడిగా లేదు.

కళ చీర కుచ్చిళ్లు దోపి పనిలోకి దిగింది. సెట్టును బల్ల మీదకు ఎక్కించింది. ముందు హారన్లు కలిపింది, తరువాత మైకు గుచ్చింది, అన్ని గుండీలూ సున్నాకు తిప్పింది, అప్పుడు గానీ కరెంటు జోలికి పోలేదు. హరిచంద్ ఇంట్లోంచి లాగి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసింది. ఎర్ర దీపం వెలిగింది. ఆడపిల్లలు కేరింతలు!

అలవాటు కొద్దీ కళ టెస్టరు తీసి సెట్టు రేకుకు ఆనించింది. టెస్టర్లో బుడ్డి దీపం భగ్గుమంది. అంటే రేకుకు కరెంటు పారుతోంది!

సరిగ్గా అప్పుడే, ఇంకేం ఆగగలదు, గోమ్లి గబగబా వచ్చి తడి చెయ్యి మైకు మీదకు చాచింది.

"ముట్టకు!"

కళ అరిచిన అరుపుకు నగారా మోగించేవాడు కూడా ఆపేశాడు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి అవతల పడేసింది. అందరి ముందూ కూతురు కసిరిందని గోమ్లి ముఖం చిన్నబోయింది. చాచిన చెయ్యి కొంగులో దాచుకుంది. కళ అది చూసింది. కానీ వివరం చెప్పే తీరిక ఎక్కడిది?

బోర్డు తిరగేసి చూసింది. ఇంకేముంది! దాని ప్లగ్గుకు మూడు పిన్నులుండాలి, రెండే ఉన్నాయి. లీకైన కరెంటును భూమిలోకి పంపాల్సిన ఎర్తు పిన్నును మొదలంటా కోసేశారు.

"దీన్ని కోసిన మహానుభావుడు ఎవడు?"

"నేనే," అన్నాడు హరిచంద్, అదేదో ఘనకార్యం అన్నట్టు. "గోడకు రెండే రంధ్రాలున్నయ్, పడతలేదని ఆక్సా బ్లేడుతోటి కోసిన. ఏం? జెర జిల్లుమంటది, అంతే కదా! మా ఇంట్ల బీరువా ముట్టినా జిల్లుమంటది. మాకేమన్న అయిందా?"

"అన్నా, పొడి చేతికి జిల్లుమంటది. తడి చేత్తోని, తడి నేల మీద నిలవడి, ఇనుప మైకు పెదవుల కాడ పెట్టుకుంటె జిల్లుమనదు, పానం గుంజుకపోతది. మా యాడిని ఈ కరెంటు మీద పాడనియ్య."

"మరింక ఎందుకు లొల్లి? ఎల్లారెడ్డిల డీజే ఆయన తయారున్నడు. జనరేటర్ తోటి అర్ధగంటల వస్తడు," అంటూ హరిచంద్ ఫోను తీశాడు.

కళ ఆ ఫోను వైపు చూసింది. ఇంత దూరం మోసుకొచ్చి, తనే తన చేతులతో తల్లి నోరు మూసినట్టు అవుతుందా? వద్దంటే పాట పోతుంది, సరేనంటే తల్లే పోతుంది. వైర్లు చుట్టేద్దామని సెట్టు వెనక్కి తిప్పింది. అక్కడ పక్కపక్కన రెండు మరలు కనబడ్డాయి. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. మూడేళ్లుగా రోజూ తుడుస్తున్న మరలే! పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడపడానికి పెట్టినవి. ఆ కరెంటుకు షాకు కొట్టేంత బలం ఉండదు. షాపులో ఎప్పుడూ అవసరం పడక వాటి సంగతే మరిచిపోయింది.

"ఓ పెద్దబాపూ!" అని కేకేసింది. బుట్టలను వాగుకు తీసుకుపోవడానికి ట్రాక్టరుకు మామిడి తోరణాలు కడుతున్న లక్పతి ఉలిక్కిపడి చూశాడు. "నీ ట్రాక్టర్ బ్యాటరీ కావాలె! జల్ది!"

"బ్యాటరీ దించితె నా బండి ఎట్ల కదుల్తది బిడ్డా?"

"నేను దించ! బండే ఈడికి తే. ఇంజిన్ బంద్ చెయ్, గంతే!"

లక్పతి ఎగిరి సీట్లో కూర్చున్నాడు. ఆడపిల్లలు బిందెలతో పక్కకు ఉరికారు. ట్రాక్టరు బురద చిమ్ముకుంటూ వచ్చి బల్ల పక్కన ఆగింది. కళ కరెంటు తీగను సెట్టు చుట్టూ చుట్టి, దాని ప్లగ్గును అందరికీ కనబడేలా పైన పెట్టింది. ఎర్ర మర నుంచి ఎర్ర వైరు ట్రాక్టరు బ్యాటరీ ప్లస్సుకు, నల్ల మర నుంచి నల్ల వైరు మైనస్సుకు. ఒకసారి చూసింది, రెండోసారి వేలు పెట్టి చూసింది. ఉల్టా అయితే సెట్టు అక్కడికక్కడే ఖతం. స్విచ్చి వేసింది. వెలిగింది!

ఇక ఎవరూ అడగకుండానే తన కుడి చెయ్యిని బిందెలో ముంచి, నీళ్లు కారుతుండగా మైకు పట్టుకుని పెదవులకు ఆనించుకుంది. తండాకు తండా కళ్లప్పగించి చూసింది.

"ఏం లేదు యాడీ. రా," అంది.

కొంచెం సౌండు పెంచగానే హారన్లు కుయ్యిమని కూసి అందరి చెవులూ పగలగొట్టాయి. ఒక హారను మూతి మైకు వైపే ఉంది మరి! కళ ఉరికి దాన్ని జనం వైపు తిప్పింది. "ఇంకింత పెంచు, ఫుల్లు పెట్టు!" అన్నాడు హరిచంద్. "పెంచితె మళ్ల కూస్తది. నువ్వు జెర ఆగన్నా," అని, తల్లి చేతిలో మైకు పెట్టి నోటికి నాలుగు వేళ్ల దూరంలో నిలిపింది.  

గోమ్లి పాట ఎత్తుకుంది. ఒకే ఒక్క పాదం. అది హారన్లలోంచి గుండ్రంగా, నిండుగా లేచి ఇండ్ల మీదుగా చెలకల దాకా పోయింది.

అంతే, గోమ్లి ఆగిపోయింది.

కళ సెట్టు వైపు తిరిగింది. వైరు ఊడిందా? లేదు. దీపం వెలుగుతూనే ఉంది. హరిచంద్ ఫోను వైపు చూసుకున్నాడు. గోమ్లి మాత్రం తలెత్తి హారను వైపే చూస్తోంది. కూతురి వైపు వంగి గుసగుసగా అడిగింది.

"గది నేనేనా?"

మైకు నోటి దగ్గరే ఉంది. ఆ గుసగుస తండా అంతా మోగింది.

 వెనక వరుసలోంచి ఒక ఆడపిల్ల, "నువ్వే అవ్వా!" అని అరిచింది. ఇంకొకతె అరిచింది. చివరికి అందరూ అరిచారు. "నువ్వే! నువ్వే!"

గోమ్లి కళ్లు తుడుచుకోలేదు. పాటను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి వెనక వరుస ఒక్క రాగం కూడా తప్పలేదు. హరిచంద్ ఫోను జేబులో వేసుకున్నాడు. కళ సౌండు గుండీ మీద వేలు పెట్టి నిలబడింది. ఏడుస్తూ నవ్వుతూ, తెలియకుండానే వంత పాడుతూ. పాట అయ్యేదాకా ఆ గుండీని తిప్పాల్సిన పనే పడలేదు.