రూతు పాలపళ్లు

తొమ్మిదో తరగతి చదివే కృపాకుమారికి బడిలో మంచి పేరు. పళ్ల సంరక్షణ మీద పెట్టిన ఉపన్యాస పోటీలో ఆ ఏడు మొదటి బహుమతి ఆమెదే. తీపి పంటిని అంటుకుని ఉంటే నోటిలోని క్రిములు దాన్ని ఆమ్లంగా మారుస్తాయనీ, ఆ ఆమ్లమే పంటిని తొలుస్తుందనీ ఎక్కడా తడబడకుండా చెప్పింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ఇంట్లో ఆమెకు మరో పని ఉండేది. తండ్రి లేని ఇల్లు. తల్లి సువార్త పామిడి చుట్టుపక్కల చేలకు కూలికి పోయి పొద్దుగూకాక గానీ తిరిగి రాదు. అంతవరకూ నాలుగేళ్ల చెల్లెలు రూతును కృపాకుమారే చూసుకోవాలి. అమ్మ కోసం రూతు ఏడుపు మొదలుపెడితే ఒక పట్టాన ఆపేది కాదు. పుస్తకం ముందు కూర్చున్న అక్క విసిగిపోయి దాని నోట్లో ఒక చాక్లెట్ పెట్టేది. అది బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ అలాగే నిద్రపోయేది. ఉపన్యాసం బట్టీ పట్టిన రోజుల్లోనూ అంతే. పాలపళ్లే కదా, ఎటూ రాలిపోయేవే అనుకుంది కృపాకుమారి.

వేరుశనగ చేలల్లో చెనక్కాయలు పీకే రోజుల్లో రూతు బుగ్గ వాచింది. జ్వరంతో అన్నం ముట్టలేదు. సువార్త కూలి మానుకుని, బిడ్డలిద్దరినీ వెంటబెట్టుకుని అనంతపురం బస్సెక్కింది.

ఆసుపత్రిలో పళ్ల డాక్టరమ్మ పిల్ల నోరు తెరిపించి చూసింది. ముందరి పళ్లు నల్లబడి మొదళ్లే మిగిలాయి. దవడ పంటి కింద చీము చేరింది.

"పాలపళ్లే కదా అని వదిలేశారా? ఇవి ముందే పోతే వచ్చే పళ్లు వంకర పోతాయమ్మా. నోట్లో తీపి పెట్టి పడుకోబెడుతున్నారా?"

సువార్త తల దించుకుంది. "నేను ఇంటిపట్టున ఉండేదాన్ని కాదు మేడమ్. తప్పు నాదే."

కృపాకుమారి అమ్మ వెనక్కి జరిగి నిలబడింది. డాక్టరమ్మ మందలిస్తూనే ఉంది. తల్లి నిలబడి వింటూనే ఉంది. పన్ను తీసేటప్పుడు రూతు అమ్మను పిలవలేదు, అక్కను పిలిచింది.

బస్టాండులో చిన్నదాన్ని ఒళ్లో వేసుకుని సువార్త కళ్లు తుడుచుకుంది. "కూలి కూలి అని తిరిగి, బిడ్డ నోరన్నా చూసుకోకపోతి."

కృపాకుమారి ఇక తట్టుకోలేకపోయింది. "నీది కాదుమ్మా తప్పు. నేనే చాక్లెట్లు పెడతాంటి, ఏడుపు నిలుస్తాదని."

"నీకు తెలీదులే పాపా."

"తెలుసుమ్మా. బడిలో అందరికీ చెప్పింది నేనే కదా."

సువార్త కూతురి వైపు తిరిగింది. తిట్టలేదు. "ఆ మాట ఆసుపత్రిలో, డాక్టరమ్మ ముందర చెప్పల్ల కదా," అంది నెమ్మదిగా. తల్లి కొట్టి ఉన్నా కృపాకుమారికి అంత నొప్పి కలిగేది కాదు.

మరునాటి సాయంత్రం రూతు మళ్లీ ఏడ్చింది. అలవాటుగా చెయ్యి చాచింది. కృపాకుమారి పుస్తకం మూసి చెల్లెల్ని చంకనెత్తుకుని వీధిలోకి వచ్చింది. పిల్ల కాళ్లతో తన్నింది, జుట్టు పీకింది. అమ్మ వచ్చేదాకా ఆమె తిప్పుతూనే ఉంది. లెక్కలు చేయకుండానే మిగిలిపోయాయి. వాచిన బుగ్గ భుజానికి ఆనినప్పుడల్లా, చప్పట్ల మధ్య తాను చెప్పిన మాటలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

తీపి పళ్లను పాడు చేస్తుందని ఈనాడు బడికి పోయే పిల్లల్లో చాలామందికి తెలుసు. కానీ ఏడుస్తున్న పసిబిడ్డ ముందు ఆ తెలిసినదాన్ని పాటించలేకపోతే, అది బహుమతి తెచ్చిపెడుతుందే గానీ ఒక్క పంటినీ కాపాడదు.