ఆరుగురు మనుషులు

ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఈ కాస్త రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

దుమ్ముగూడెం రేవులో సంపూర్ణ చేపల పులుసుకి పొయ్యి ఊదుతోంది. పక్కనే రెండు మోటారు పడవలు కట్టి ఉన్నాయి. ఆదివారాలు ఇంటిల్లిపాదీ గోదావరిలో షికారు చేయడానికి ఒకటి కొనాలట. ఒకదానికి నీలం గీత, ఒకదానికి ఎర్ర గీత. ఇంజను అదే, గొడుగు అదే. అయినా ఆమె బావగారు అంతోనయ్యా, ఆమె కొడుకు బెన్నీ పొద్దున్నుంచీ సంఘపెద్దల్లా గడ్డాలు నిమురుకుంటున్నారు. మెత్తల మీద కూర్చుని లేచారు, లేచి కూర్చున్నారు. సీసా పెట్టుకునే గుంట నీలందానికే లోతని తేల్చడానికి గంట పట్టింది. ఇంట్లో మిక్సీ చెడి ఏడాదైంది. దాని గురించి నిమిషం మాట్లాడిన మగాడు లేడు.

"ఏందమ్మా, పులుసు ఇంకా మసల్తలేదా? జల్దీ కానియ్," అన్నాడు బెన్నీ.

సంపూర్ణ చెయ్యి తుడుచుకుని పడవల మీది రాత కూడబలుక్కుంది. నీలందాని మీద: ఆ-రు-గు-రు మ-ను-షు-లు. ఎర్రదాని మీద: ఏడుగురు.

"బావా, మనం ఏడుగురం గదా. ఎర్రది తీస్కోండ్రి."

అంతోనయ్య నవ్వాడు. "ఏడుగురెక్కడ? నేను, మీ అక్క, బెన్నీ, నీ కోడలు ఫ్లోరెన్స్, వాళ్ళ ఇద్దరు పిల్లలు. ఆరుగురమే. నువ్వు ఒడ్డుకే ఉంటవ్ గదా! వండాలె, చెప్పులు చూడాలె."

"అవ్ అమ్మా, నీకు నీళ్ళంటే భయం గదా," అన్నాడు బెన్నీ.

ఎవరికి భయం? పెళ్ళికి ముందు తండ్రి పడవకు తెడ్డు వేసింది ఎవరు? కొత్తకోడలు పడవెక్కితే పొయ్యి ఎవరు వెలిగిస్తారని అత్తగారు పుట్టించిన భయం అది. 'దానికి నీళ్ళంటే భయం' అని మొగుడు చచ్చేదాకా చెప్పాడు. ఆయన పోయాక కొడుకు అందుకున్నాడు, అదేదో తండ్రి వాచీ అయినట్టు.

సంపూర్ణ గరిటె బావగారి చేతిలో పెట్టింది. నీలం పడవెక్కి, లైఫ్ జాకెట్ తొడుక్కుని, ముందు సీట్లో కూర్చుంది.

"గిదేంది సంపూర్ణా? దిగు!"

"నేనూ మనిషినే బావా. ఇంకా ఐదుగురికి జాగా ఉన్నది. ఒడ్డుకు ఎవరుంటరో మీరే తేల్చుకోండ్రి. కలుపుండ్రి, అడుగంటుతది."

బావగారు కలిపాడు. అడుగంటించాడు.

మరునాడు నీలం పడవే కొన్నారు.

పేరు సంపూర్ణ. వయసు అరవై ఒకటి. ఇప్పుడు ఉండేది మధిరలో, ఒక్క మనిషికి సరిపోయే కిరాయి గదిలో.